కల్యాణదుర్గం పల్లెల నుంచి శీనాకు

ఒరేయ్ శీనా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. పల్లెలు తిరిగే పనిలో పడి జవాబు రాయలేకపోయాను. ప్రొద్దుటూరులో అందరూ బాగున్నారా? అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? నాకిక్కడ భోజనానికి లోటు లేదు. సంగటి, ఊరిబిండి పెట్టే ఇల్లొకటి దొరికింది.

నా పని నీకు తెలుసు కదా. ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్లలో ఆడవాళ్లు అప్పులు ఎట్లా తీర్చుకొస్తున్నారో అడిగి రాసుకోవడం. మొదటి వారంలోనే ఒకటి జరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. యూనివర్సిటీ నుంచి వచ్చానని చెప్పి, మూడు పేజీల సమ్మతి పత్రం చదివి వినిపించాను. అంతా విని తలూపింది. వేలిముద్ర అనగానే చేయి చాపింది. ఒలిచి ఒలిచి బొటనవేలంతా పగుళ్లు, ఆ పగుళ్లలో ఎర్రమన్ను. ముద్ర సరిగ్గా పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ ఒత్తింది. అప్పుడడిగింది, "దీనికి వడ్డీ ఎంత నాయనా?" అని.

నాకు నోట మాట రాలేదురా. ఆమె ఇంతవరకూ వేలు పెట్టినవన్నీ ప్రోనోట్లు, బ్యాంకు కాగితాలు, మొగుడు పోయాక ఎక్స్‌గ్రేషియా ఫైలు. నాదీ అట్లాంటిదే అనుకుంది. వెయ్యనంటే పింఛను ఆగిపోతుందేమోనని భయపడిందట కూడా. భయంతో పెట్టిన వేలిముద్రను సమ్మతి అని ఎట్లా రాసుకుంటాను? ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చేసి, ఇంకేమీ అడగకుండా వచ్చేశాను.

ఖమ్మం సంగతి గుర్తుందా? 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో ఆశ్రమ హాస్టళ్ల ఆడపిల్లలకు సూదులు వేశారు. చాలామంది పిల్లల తరఫున సంతకాలు పెట్టింది అమ్మానాన్నలు కాదు, వార్డెన్లు. 2010లో దాన్ని ఆపేశారు. పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది కానీ, అనుమతులు తీసుకున్న పద్ధతి తప్పని కూడా తేలింది. కాగితాలు అన్నీ నిండాయి, అడగాల్సిన వాళ్లను మాత్రం అడగలేదు. నేనూ ఆ దారిలోనే అడుగు పెట్టబోయాను.

ఐసీఎంఆర్ అని, భారత వైద్య పరిశోధన మండలి ఉంది కదా, దాని 2017 మార్గదర్శకాల ప్రకారం, చదవను రాని మనిషి వేలిముద్ర వేస్తుంటే ఆ పనితో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఆ రోజు పక్కింటామెను పిలిచి కూర్చోబెట్టాను. తర్వాత తెలిసింది, ఈ ఇంటికి అప్పిచ్చింది ఆమె మరిదే అని! ఆమె ముందు పెద్దమ్మ అప్పుల సంగతి ఎట్లా చెబుతుంది? చిన్న ఊళ్లో ఎవరికెవరు ఏమవుతారో బయటి నుంచి పోయినవాడికి తెలియదు. అందుకే ఇప్పుడు సాక్షిగా ఎవరు కావాలో వాళ్లనే చెప్పమంటున్నాను.

పరిశోధనలో ఎవరికీ అన్యాయం జరగకుండా చూసే మా ఎథిక్స్ కమిటీకి ఇదంతా రాసి పంపాను. కొత్త పద్ధతికి ఒప్పుకున్నారు. మొదటి రోజు మాట చెప్పి వచ్చేస్తాను, కాగితం తీయను. రెండు రోజులు ఆగి మళ్లీ వెళ్లి అడుగుతాను. అదీ కూలి పనుల నుంచి తిరిగొచ్చాక, సాయంత్రమే. పత్రంలో "స్వచ్ఛంద భాగస్వామ్యం" అన్న మాట కొట్టేసి, "ఇష్టం లేకుంటే చెప్పొద్దమ్మా, పింఛను ఆగదు, రేషను ఆగదు, ఇందులో మీకొచ్చే డబ్బూ లేదు" అని రాశాను. ఆ చివరి మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది. నన్ను చూడగానే నష్టపరిహారం వస్తుందేమోనని ఆశపడేవాళ్లు ఉన్నారు.

పేర్లు మార్చినా సరిపోదని కూడా అర్థమైంది. "తొమ్మిది బోర్లు వేసి ఎండగొట్టుకున్న ఇల్లు, కొడుకు బెంగళూరులో వాచ్‌మన్" అని రాస్తే చుట్టుపక్కల అందరూ ఇట్టే పోల్చుకుంటారు. అట్లాంటి వివరాలు కలిపేసి, కొన్ని తీసేసి రాస్తున్నాను.

కమిటీ ఒప్పుకున్నాక పెద్దమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి తనే తన చెల్లెలిని పిలిపించుకుంది. "అప్పుల సంగతి చెప్తా. ఆయప్ప పోయిన పొద్దు మాత్రం అడగొద్దు" అంది. నా ప్రశ్నల్లో పద్నాలుగోది అదే. ఆమె ముందే పెన్నుతో అడ్డంగా గీత కొట్టాను. ఆ గీత చూసి చాట పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. గంటన్నర మాట్లాడింది.

నీతో ఒక పని పడింది. తెలుగు పంతులువి కదా, ఈ కొత్త పత్రం కవర్లో పెట్టి పంపుతున్నా. మీ నాయనమ్మకు చదివి వినిపించు. ఎక్కడ "ఏందిరా ఇది?" అని అడుగుతుందో అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టు. వచ్చే నెల మొదటి వారంలో రచ్చకట్ట దగ్గర కూర్చుని, ఇప్పటిదాకా నేను రాసుకున్నది ఊరివాళ్లకే చదివి వినిపించాలి, ఆలోపు పంపితే చాలు.

నీ
రఘు