మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే...

సంపాదకులకు నమస్కారం.

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే, కాలిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టే మా వైండింగ్ షాపు ముందు కాలిన మోటార్లు వరుస కడతాయి. తెచ్చిన ప్రతి రైతూ కరెంటునే తిడతాడు. విప్పి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. మూడు ఫేజుల చుట్లూ ఒక చివర కలిసే స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల చుట్లు మాడి, మూడోది కొత్తదానిలా ఉంటే, ఒక ఫ్యూజు పోయాక మిగిలిన రెండు ఫేజుల మీదే నడిచిందన్నమాట. మూడూ ఒకే తీరున మాడితే ఓవర్‌లోడో, లో వోల్టేజో. ఈమధ్య నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నవి ఈ రెండో రకమే.

5 హెచ్‌పీ (హార్స్‌పవర్) మోటారు నడిచేటప్పుడు తీసుకునేది ఏడున్నర ఆంపియర్లు. స్టార్టయ్యేటప్పుడు ఆరింతలు, అంటే 45. 25 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది దాదాపు 33 ఆంపియర్లు. నాలుగు మోటార్లు నడవడానికి ఢోకా లేదు. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లున్న (కరెంటు రాగానే మోటారును తనంతట తానే లేపే డబ్బాలు) ఆ నాలుగూ కలిసి లేస్తే 180 కావాలి! వోల్టేజీ కూలబడుతుంది. 415 నుంచి 290కి పడితే తిప్పే బలం సగానికి వస్తుంది. మోటారు ఎత్తుకోక మూలుగుతుంది, కరెంటు మాత్రం లాగుతూనే ఉంటుంది. కరెంటు మించితే మోటారును ఆపే రిలే ఊరికే పడిపోతోందని దాని సెట్టింగు పెంచి పెట్టుకున్నవాళ్లకైతే ఇక చెప్పేదేముంది.

ఆటోస్టార్టర్ రాత్రి కరెంటు రోజుల్లో బావి దగ్గర పడిగాపులు తప్పించుకోవడానికి పెట్టుకున్నది. 2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల సరఫరా మొదలైంది. అంతకుముందే వాటిని తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. పడిగాపులు పోయాయి గానీ డబ్బాలు పోలేదు.

తప్పంతా రైతు మీదికి తోయను. 5 హెచ్‌పీ అని రాయించుకుని ఏడున్నర హెచ్‌పీ మోటారు దించిన సంగతి లైన్‌మన్‌కు తెలియకుండా ఉండదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 300 మీటర్లు లాగితే 5 హెచ్‌పీకే 20 వోల్టులకు పైగా దారిలోనే పోతాయని కేబుల్ అమ్మేవాడు చెప్పడు.

విద్యుత్ అధికారులకు నా విన్నపం ఒక్కటే. నాట్లకు ముందే ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని హెచ్‌పీలు నడుస్తున్నాయో వైరుకు పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూడండి. ఆటోస్టార్టర్ తీయలేమన్నవాళ్ల చేత టైమరైనా పెట్టించండి. ఒకరిది నిమిషానికి, పక్కవాళ్లది రెండు నిమిషాలకు లేచేలా. గిరాకీ పోగొట్టుకుంటున్నావని మా షాపు కుర్రాడు నవ్వుతున్నాడు, నవ్వనీయండి.

— ఒక మోటారు వైండింగ్ మెకానిక్, సిద్దిపేట జిల్లా