బొమ్మరింటికి పెంకులు

విజయవాడ

ఒరేయ్ శీనూ,

అమ్మాయి బొమ్మరింటికి పెంకుటిల్లే కావాలన్నావు, ఎంత సంతోషమేసిందో! అడుగుకి అంగుళం కొలత పెట్టుకో. ఆరడుగుల ద్వారం ఆరంగుళాలు, లెక్క నోటితో అయిపోతుంది.

గోడలకి 5 మి.మీ. సన్‌బోర్డ్ (తేలికపాటి ప్లాస్టిక్ నురగ పలక) కొను. ఎండీఎఫ్, అదే చెక్కపొట్టుని అదిమి చేసే పలక, మన వానాకాలం తేమకి అంచుల్లో ఉబ్బుతుంది. థర్మోకోల్ మీద స్ప్రే రంగు పడితే కరిగిపోతుంది. అయితే 5 మి.మీ. అంటే అసలింట్లో రెండున్నర అంగుళాలు కూడా లేని గోడ లెక్క. పాత మట్టిగోడలు అడుగున్నర మందం ఉండేవి కదా! అందుకే గుమ్మానికీ కిటికీలకీ లోపలివైపు అంగుళమున్నర లోతుకి పట్టీలు అతికించు. ఆ లోతులో నీడ పడాలి, లేదంటే ఎన్ని రంగులేసినా అట్టపెట్టెలాగే ఉంటుంది.

నున్నటి బోర్డుకి పుట్టీ పట్టదు. 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, పుట్టీలో కాస్త ఫెవికాల్ కలిపి పల్చగా రెండు పూతలు వెయ్యి. ఒకేసారి మందంగా పూస్తే పైన ముందు ఆరి నెర్రెలిస్తుంది.

అసలు పనంతా కప్పుదే. పెళ్లిపత్రిక అట్టకి ముందే మూడు ఛాయల్లో పెంకురంగు వేసి, 17 మి.మీ. పొడవు, 11 మి.మీ. వెడల్పు ముక్కలు కోసి, కాస్త తడిపి పెన్సిలు మీద వంచు. 16 అంగుళాల పొడవు, 9 అంగుళాల వాలు ఉన్న కప్పుకి ఒక్కో వైపే దాదాపు 1,500 పడతాయి. కంగారుపడకు! పెంకుల్లో వెల్లకిలా పెట్టేవి అడుగున, బోర్లా పెట్టేవి వాటి సందుల మీద వస్తాయి కదా, ఆ అడుగువి కనిపించేది చూరు దగ్గరే. మిగతా కప్పంతా ముదురు గోధుమ రంగు పూసి, బోర్లా పెంకులే పేర్చు. ఒక్కో వైపుకి 800తో సరిపోతుంది. 11 మి.మీ.కొక నిలువు గీత గీసుకో, లేకపోతే కొప్పు దాకా వచ్చేసరికి వరసలు పక్కకి జరిగిపోతాయి. చూరు అంచున 2 మి.మీ. పుల్ల అతికించాకే కింది నుంచి మొదలుపెట్టు. అది లేకపోతే మొదటి వరస చతికిలబడుతుంది. పై వరస కింది వరసని మూడోవంతు కప్పాలి.

అరుగు స్తంభాలకి కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కర్ర దొరికితే వదలకు, బ్లేడుకే తెగేంత మెత్తన. అతుకుల సందుల్లో ఆ బొమ్మలు చేసేవాళ్లలాగే చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కు అనే ముద్ద కూరు.

గోడకి సున్నపు తెలుపు, అడుగున ఎర్రమట్టి పట్టీ. చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, తలుపు నీలంలో కాస్త తెలుపు కలుపు. తోరణంలో మావిడాకు అరంగుళం దాటనివ్వకు.

నీ కప్పు కొలతలు పంపు, పెంకుల లెక్క కట్టి రాస్తాను.

నీ
రమణ