అది అచ్చుతప్పా, కావాలని రాసిందా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన సోమవారం మీ సాహిత్య పేజీలో ప్రయోగ నవలల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త పాఠకుల మీద గట్టిగానే విరుచుకుపడ్డారు. కొత్త తరహా నవల రాగానే "ఇదేంటండీ ఇలా ఉంది" అని రచయితకు ఫోన్ చేయడం మనవాళ్లకు అలవాటైపోయిందనీ, అర్థం కాకపోతే పుస్తకం మూసి పక్కన పెట్టాలి గానీ రచయితను విసిగించకూడదనీ ఆయన అభిప్రాయం. అలా విసిగించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏకంగా 41 ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాను. అందుకే ఈ ఉత్తరం.

నేను 30 ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్దినవాణ్ణి. రిటైరై చాలాకాలమైనా చేతిలో పెన్సిల్ లేకుండా పుస్తకం తెరవలేను. మందుల పెట్టెలో వచ్చే కాగితంలో కూడా ముందు ఒత్తులు చూసి, ఆ తర్వాతే మోతాదు చూస్తాను. గొప్పకు చెప్పడం లేదు. ఈ అలవాటు వల్లే ఒకసారి చేయకూడని పని చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కథల పుస్తకం ప్రూఫులు నా బల్ల మీదికొచ్చాయి. ఒక కథలో ఎనిమిదేళ్ల పిల్లాడు దూరాన ఉన్న తండ్రికి ఉత్తరాలు రాస్తుంటాడు. 'నాన్నా ఎపుడు వస్తవు' అని ఉంటే 'ఎప్పుడు వస్తావు' అని దిద్దాను. 'భడి' అని ఉంటే ఒత్తు తీసేశాను. ఆరు ఉత్తరాల్లో ఒక్క తప్పు మిగల్చలేదు. పుస్తకం అచ్చయ్యాక రచయిత ప్రెస్సుకొచ్చారు. కేకలేస్తారేమోనని లేచి నిలబడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ పేజీ తీసి నా ముందు పెట్టి, "వీడికి ఇప్పుడు ఎన్నేళ్లుంటాయంటావు బాబూ?" అని అడిగారు. మళ్లీ చదివి చూసుకున్నాను. నలభై ఏళ్ల గుమాస్తా రాసినట్టుంది. ఆయన ఇంకో మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇలాంటి పని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తర్వాతెప్పుడో తెలిసి కాస్త ఊరట పడ్డాను. జేమ్స్ జాయిస్ ఇంగ్లీషు నవల 'యులిసిస్'లో ఒక టెలిగ్రామ్ ఉంది. తల్లి చావుబతుకుల్లో ఉంది, ఇంటికి రా అని కొడుక్కి తండ్రి పంపినది. అందులో 'మదర్' అని ఉండాల్సిన చోట 'నదర్' అని వచ్చింది. అందుకే ఆ కొడుకు దాన్ని నలుగురికీ చూపించదగ్గ వింత అనుకుంటాడు. 1922లో పుస్తకం అచ్చులోకి వచ్చేసరికి ఎవరో పుణ్యాత్ముడి చేతిలో అది శుభ్రంగా 'మదర్' అయిపోయింది. వింత పోయి, వింత అన్న మాట మాత్రం మిగిలింది. 1984లో గాబ్లర్ అనే పండితుడు పరిష్కరించిన ప్రతి వచ్చాక గానీ ఆ 'న' తన చోటుకు రాలేదు. తమాషా ఏమిటంటే, అచ్చుతప్పులకు మన్నించమని ప్రచురణకర్త మొదటి ముద్రణలోనే వేడుకున్నారు. మన్నించాల్సిన తప్పేదో, ఉంచాల్సిన తప్పేదో పాఠకుడికి ఎలా తెలియాలి?

మామూలు నవలలో తప్పు తప్పులాగే కనిపిస్తుంది. ప్రయోగ నవలలో అది వేషం మార్చుకుని దర్జాగా కూర్చుంటుంది. 1759లో వెలువడడం మొదలైన లారెన్స్ స్టెర్న్ 'ట్రిస్ట్రమ్ షాండీ'లో ఒక పాత్ర చనిపోతే పేజీకి పేజీ నల్లగా అచ్చేశారు. ఇంకోచోట ఒకావిడ బొమ్మ మీరే గీసుకోండని పాఠకుడికి ఖాళీ పేజీ వదిలారు. 1969లో బి.ఎస్. జాన్సన్ తన నవలను బైండు చేయించకుండా 27 భాగాలుగా పెట్టెలో పెట్టించాడు. మొదటిదీ చివరిదీ తప్ప మిగతావి ఏ వరసలోనైనా చదువుకోవచ్చు. కుట్టు ఊడిపోయిందని వాపసు పట్టుకెళ్లినవాడు ఒక్కడైనా ఉండే ఉంటాడని నా అనుమానం. అదే ఏడాది మనకు 'అంపశయ్య' వచ్చింది. ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజు జరిగేదంతా కలిపి నవల. ఆ పేరే నవీన్ గారికి ఇంటిపేరైపోయింది.

ఇక నేను చదివిన నవల సంగతి. పేరు రాయను. ప్రెస్సు చేసిన పొరపాటు చెప్పబోతున్నాను, దానికి రచయిత్రిని బజారుకీడ్చడం నాకిష్టం లేదు. జ్ఞాపకం పోతున్న ఒక పెద్దాయన కథ అది. అధ్యాయాలు 23తో మొదలై 1తో ముగుస్తాయి. ముందు అధ్యాయాల్లో ఆయన ముసలివాడు, అక్కడ ఫుల్‌స్టాపులే ఉండవు. కథ వెనక్కి నడిచి ఆయన కుర్రవాడయ్యేకొద్దీ ఒక కామా, ఒక ఫుల్‌స్టాపు, ఒక పేరా అలా వచ్చి చేరుతుంటాయి. నాకు మొదట తల తిరిగింది. 60వ పేజీ దగ్గర రెండు రోజులు వదిలేశాను కూడా. మళ్లీ పట్టుకున్నాక వదల్లేదు. కానీ కూతురి పేరు ఒకచోట 'అరుంధతి', ఇంకోచోట 'అరుందతి'. ధకు ఒత్తు పోయింది. ఆయన మరుపు వల్లా, డీటీపీ చేసినవాళ్ల నిద్ర వల్లా? పాత పాపం గుర్తొచ్చి దిద్దబోయిన చేతిని ఆపుకున్నాను. అనుమానాలన్నీ పేజీ నంబర్లతో రాసి పెట్టుకున్నాను.

ఆమె పాఠకులను కలుసుకునే సమావేశం ఉందంటే ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాను. మొత్తం పదిహేను మందిమి. మొదట ఒక పెద్దమనిషి లేచి, ప్రతి పేజీ ఒక అనుభవమనీ, ప్రతి వాక్యం గుండెను తాకిందనీ పది నిమిషాలు మాట్లాడారు. ఏ వాక్యమో మాత్రం చెప్పలేదు. రచయిత్రి తల ఊపుతూ విన్నారు. తర్వాత నా పక్కన కూర్చున్న డిగ్రీ చదివే అమ్మాయి లేచింది.

"మేడమ్, నాకు బాగా నచ్చింది ఆ ఖాళీ పేజీలు" అంది. "ఆయన కూతురి పేరు గుర్తు తెచ్చుకుంటూ ఉంటాడు కదా. రెండు పేజీలు గుర్తుంటుంది, రెండు పేజీలు ఏమీ ఉండదు. మళ్లీ మాట మధ్యలోంచి మొదలవుతుంది. నేను ఆ ఖాళీల్ని తిప్పేయకుండా కాసేపు చూస్తూ కూర్చున్నాను. మా తాతయ్య కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ అలాగే ఆగిపోయేవారు."

రచయిత్రి మొహంలో ఏమీ అర్థం కానట్టు కనిపించింది. నా కాపీలో ఖాళీ పేజీలు లేవు. అమ్మాయి పుస్తకం అడిగి తీసుకున్నాను. 98, 99 ఖాళీ. 100, 101లో అచ్చుంది. 102, 103 ఖాళీ. అలా 111 దాకా మొత్తం ఎనిమిది పేజీలు. ప్రెస్సులో పనిచేసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. పెద్ద షీటుకు ఒక వైపు ఎనిమిది పేజీలు, రెండోవైపు ఎనిమిది పేజీలు అచ్చేసి మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఒక వైపు మాత్రమే అచ్చు పడి షీటు జారిపోతే, మడతపెట్టాక ఖాళీలు సరిగ్గా ఇలా రెండేసి పేజీల చొప్పున తేలతాయి. 97 నుంచి 112 దాకా ఏడో ఫారం. లెక్క సరిపోయింది.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. ఈలోగా ఎవరో "నా దాంట్లో ఖాళీల్లేవే!" అననే అన్నారు. అమ్మాయి మొహం కందిపోయింది. ఫారం సంగతి నేనే వివరించాను. అంతా నవ్వుతారనుకున్నాను. రచయిత్రి ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, ఆ ఎనిమిది పేజీలూ నెమ్మదిగా తిప్పి, "కూర్చోకమ్మా, ఇంకా చెప్పు. 104లో ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడు అనుకున్నావు?" అని అడిగారు. ఆ తర్వాత అరగంట వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు, మేమంతా విన్నాం. ఆ పది నిమిషాల పెద్దమనిషి తన కాపీ మెల్లగా తెరిచి, ఆ పేజీల దగ్గర ఆగి, మూసి సంచిలో పెట్టేసుకున్నారు. అందులో ఏముందో నేను అడగలేదు.

నా కాగితం చివరికి గానీ బయటికి రాలేదు. ఆమె పెన్ను తీసుకుని ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టారు. 17 కావాలని రాసినవి. 'అరుందతి' వాటిలోదే. 22 నిఖార్సైన అచ్చుతప్పులు. ఒక్కోదానికీ అయ్యో అనుకుంటూ నెత్తి కొట్టుకున్నారు. ఇంకో రెంటి దగ్గర చాలాసేపు ఆగి, "రాసేటప్పుడు తప్పే మాస్టారూ. ఇప్పుడు మీరు అడిగాక దిద్దబుద్ధి కావడం లేదు" అన్నారు.

మీ వ్యాసకర్తకు ఇదీ నా జవాబు. ఎవరూ అడక్కపోతే ఆ 22 తప్పులూ ప్రయోగాలుగా చలామణీ అయ్యేవి, ఆ 17 ప్రయోగాలూ తప్పులుగా మిగిలేవి. ఖాళీ పేజీల కాపీలు ఇంకెన్ని చేతుల్లో ఉన్నాయో ప్రెస్సువాళ్లు ఇప్పుడు వెతుకుతున్నారు. అందుకే సంపాదకులుగారికి ఒక మనవి. మీ పాఠకుల ఉత్తరాల్లో 'అద్భుతం, అభినందనలు' అన్నవి ఎన్నో వేస్తున్నారు. ఫలానా పేజీలో ఆగిపోయాను, ఫలానా మాట తప్పేమో అని రాసినవి కూడా వేయండి. కుదిరితే కింద రచయిత జవాబూ ఇప్పించండి. ఉత్తరం క్లుప్తంగా ఉండాలన్న మీ నియమం నేను ఎప్పుడో దాటేశానని తెలుసు. కత్తిరించుకోండి, కానీ ఆ 'భడి'కి మాత్రం ఒత్తు తీయకండి.

అన్నట్టు, రచయిత్రి ఆ అమ్మాయికి సరైన కాపీ ఒకటి సంతకం చేసి ఇచ్చారు. మొన్న కనిపిస్తే, ఆ ఎనిమిది పేజీల్లో ఏముందో చూశావా అని అడిగాను.

"ఇంకా లేదంకుల్" అంది.

ఇట్లు,
ఒక పాత ప్రూఫ్‌రీడర్