అసిస్టులు లెక్కపెట్టి పట్టం కట్టేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ క్రీడా పేజీలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో తొంభైల మేటి పాయింట్ గార్డు (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు) అంటూ జాన్ స్టాక్టన్‌కు పట్టం కట్టేశారు. చూపించిన కారణం ఒక్కటే, 15,806 అసిస్టులు, అంటే బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు. స్టాక్టన్ అంటే నాకేం గిట్టకపోవడం లేదు. యూటా జాజ్ ఒక్క జట్టుకే 19 సీజన్లు ఆడి, అన్నేళ్లలో 22 ఆటలకే దూరమైనవాడికి వంక పెట్టడానికి నోరెలా వస్తుంది? కానీ ఆ దశాబ్దం నా లెక్కలో గ్యారీ పేటన్‌ది. ఉక్కునగరంలో పెరిగి, స్కూల్లోనూ కాలేజీలోనూ అదే స్థానంలో ఆడినదాన్ని కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

ముందు ఆ అంకె సంగతి. అది 1984 నుంచి 2003 దాకా పోగైన మొత్తం. తెచ్చి ఒక్క దశాబ్దానికి అంటగడితే ఎలా? పైగా అసిస్టు అన్నది స్కోరు రాసేవాళ్లు తమకు తోచినట్టు వేసే గీత. పాస్ ఎంత బాగున్నా అందుకున్నవాడు బాస్కెట్ వేయకపోతే లెక్కలోకి రాదు. యూటాలో అందుకునేవాడు లీగ్‌లోనే మేటి స్కోరర్లలో ఒకడైన కార్ల్ మలోన్ మరి! స్టాక్టన్ తరఫున వాదించమంటే నేనైతే అసిస్టుల జోలికే వెళ్లను, అతను పెట్టే స్క్రీన్ల గురించి చెబుతాను. 6 అడుగుల 1 అంగుళం మనిషి, తనకంటే జానెడు పైనే ఎత్తున్నవాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడి, దెబ్బ ఓర్చుకుని మలోన్‌కు దారి చేసేవాడు. అది ఏ స్కోరు పుస్తకంలోనూ ఎక్కదు.

పేటన్ చేసిన పని కూడా అలాంటిదే, ఇంకా ఎక్కువ మోతాదులో. ఎదుటి గార్డు బంతితో మధ్య గీత దాటకముందే మీద పడేవాడు. మోకాళ్లు వంచి, ఒక చెయ్యి అవతలివాడి నడుం మీద ఆనించి, వాడికి చేతకాని చేతివైపే నెట్టుకుంటూ పోయేవాడు. నోరు మాత్రం ఒక్క క్షణం మూతపడేది కాదు. అవతలి జట్టు కుదురుకుని ఆట మొదలుపెట్టేసరికి షాట్ వేయడానికి ఉండే 24 సెకన్లలో సగం కరిగిపోయేవి. బంతి లాక్కుంటే స్టీల్ అని రాస్తారు, ఇలా సెకన్లు తినేస్తే ఏమని రాస్తారు? మన విశాఖ మే నెల ఉక్కపోతలో, సిమెంటు కోర్టు మీద, రెండు నిమిషాలు అలా వంగి అడ్డుపడి చూడండి. తొడలు పీకేస్తాయి. నేను చేశాను కాబట్టి తెలుసు.

1996లో ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనికే వచ్చింది. అంతకుముందు ఏ పాయింట్ గార్డుకీ అది రాలేదు. అదే ఏడు అతని జట్టు సియాటెల్ సూపర్‌సోనిక్స్ పశ్చిమ విభాగం ఫైనల్లో స్టాక్టన్ జట్టును 4-3తో ఓడించి లీగ్ ఫైనల్స్‌లో షికాగో మీదికి వెళ్లింది. మా నాన్న సీ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చునేవాడు. మొదటి మూడు ఆటల్లో షికాగో స్టార్ మైకేల్ జోర్డాన్ 28, 29, 36 పాయింట్లు కొట్టాడు. నాలుగో ఆట నుంచి పేటన్‌ను అతని మీద పెట్టారు. 23, 26, 22. నాలుగో ఆటలో 19 షాట్లకు 6, ఆరో ఆటలో 19కి 5 మాత్రమే పడ్డాయి. సియాటెల్ ఇంకో గార్డు నేట్ మెక్‌మిలన్ నడుం నొప్పి నుంచి తిరిగొచ్చిన బలం కూడా ఉందనుకోండి, ఆ మూడింటిలో రెండు సియాటెల్ గెలిచింది. సిరీస్ 4-2తో పోయింది. పేటన్‌కు పిక్క నొప్పి ఉందన్న మాట మా నాన్న చెవికెక్కదు, ముందే పెట్టాల్సిందని కోచ్‌ని ఇప్పటికీ తిడుతుంటాడు.

1994లో విభాగంలో చివరిదిగా అర్హత పొందిన ఎనిమిదో సీడు డెన్వర్ చేతిలో సియాటెల్ ఓడింది కదా, యూటా 1997, 1998ల్లో వరుసగా ఫైనల్స్ ఆడింది కదా అంటారు. నిజమే. దశాబ్దం మొదటి మూడు నాలుగేళ్లు స్టాక్టన్‌వే, అప్పటికి పేటన్ ఇంకా పచ్చి. కానీ 1994 నుంచి వరుసగా తొమ్మిదేళ్లు, లీగ్ ఏటా ఎంపిక చేసే మేటి డిఫెండర్ల తొలి జట్టులో పేరు, 1998-99లో సగటున 21.7 పాయింట్లు, 8.7 అసిస్టులు. స్టాక్టన్ ఏ సీజన్‌లోనూ 17.2 సగటు దాటలేదు. రెండు వైపులా మొయ్యడమంటే అదీ. ఇంకో పాయింట్ గార్డు జేసన్ కిడ్ అంటారా, అతని అసలు వైభవం న్యూజెర్సీ వెళ్లాక, అది తరవాతి దశాబ్దం.

ఇంకో మనవి. జిల్లా టోర్నీల వార్తల్లో కూడా ఫలానా అమ్మాయి 18 పాయింట్లతో రాణించింది అని రాసి ఊరుకుంటారు. అవతలి జట్టులో అసలైన స్కోరర్‌ని 4 పాయింట్ల దగ్గర కట్టేసిన పిల్ల పేరు ఎక్కడా ఉండదు. ఈసారి పోటీలకు మీ విలేకరి వస్తే స్కోరర్ల బల్ల దగ్గర కాగితం తీసుకుని వెళ్లిపోకుండా, ఓడిన జట్టు కోచ్‌ని ఒక్క మాట అడగమనండి. ఆ పిల్ల పేరు ఆయన ఠక్కున చెబుతాడు.

ఇట్లు,
ఒక పాత పాయింట్ గార్డు,
గాజువాక, విశాఖపట్నం