బత్తాయికి 12 అడుగులు చాలవు

ఎడిటర్ గారికి నమస్కారం.

బత్తాయిని 12 అడుగుల దూరంలో నాటుకోవచ్చని, ఎకరానికి 300 మొక్కలు పడతాయని మీ వ్యవసాయ పేజీలో వేశారు. పడతాయి, నిజమే. ఎనిమిదేళ్ల తర్వాత ఆ 300 చెట్లకు చోటెక్కడిదో కూడా రాయాల్సింది.

మన దగ్గర ఎక్కువగా వేసేది సాత్‌గుడి అనే బత్తాయి రకం. రంగపూర్ నిమ్మ మీదో, జంబేరి అనే ఇంకో నిమ్మజాతి మీదో అంటుకట్టిన మొక్క. రెండూ జోరుగా పెరిగే వేళ్లే. తోట ఈడుకొచ్చేసరికి చెట్టు 15 అడుగులకు అటూఇటూ పెరుగుతుంది, గుబురూ దాదాపు అంత వెడల్పే కమ్ముకుంటుంది. విదేశాల్లో దగ్గర దగ్గరగా నాటుతున్నారని ఉదాహరణ ఇచ్చారు. చెట్టును పొట్టిగా ఉంచే వేరుమూలాలు, అంటే అంటుకు కింద వేళ్లనిచ్చే మొక్కలు, వేరే ఉన్నాయండీ. ఫ్లయింగ్ డ్రాగన్ అనే ముళ్ల రకం మీద అంటుకడితే ఇదే బత్తాయి మనిషెత్తుకు కాస్త పైన ఆగిపోతుంది. ఆ వేరు లేకుండా దూరం ఒక్కటే అరువు తెచ్చుకుంటే ఎట్లా?

మా పక్క చేనులో 12 అడుగులకు వేసిన తోట ఉంది. మొదటి కాపులు బాగానే వచ్చాయి, అబద్ధమెందుకు. ఇప్పుడు లోపలికి పోవాలంటే నడుం వంచాలి. కొమ్మ పక్కకు తీసి చూస్తే అన్నీ ఎండుపుల్లలే, కాయలేమో ఎండ తగిలే పైకొమ్మల్లో. మందు కొట్టే పైపే తిరగదు, ట్రాక్టర్ మాట దేవుడెరుగు. పోనీ కత్తిరిద్దామంటే, తల నరికిన చోటల్లా కాపునివ్వని నీటికొమ్మలు నిలువునా లేస్తాయి, ఆ ఏడు కాపు దెబ్బతింటుంది. మాది 25 అడుగుల తోట, ఎకరానికి 70 చెట్లు. కాయ మోకాలెత్తు దాకా దిగి కాస్తుంది, కూలీలు సగం పంట నిచ్చెన లేకుండానే కోస్తారు. తేలిక చెల్కల్లో 20 అడుగులు పెట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను.

నాలుగైదేళ్ల దాకా కాపు రాదు కదా, అంత ఖాళీ ఎందుకంటారు. ఆ ఖాళీలో పెసర, వేరుశనగ వేసుకుంటాం, పెట్టుబడి కొంత అక్కడే తిరిగొస్తుంది. మిరప, వంగ మాత్రం వద్దు, వేళ్లకు నులిపురుగులు చేరతాయి.

అసలు ఎకరానికి 300 అనే లెక్క ఎవరికి గిట్టుబాటు? మొక్కలమ్మేవాడికి. చచ్చిన చెట్ల చోట వేద్దామని ఓ నర్సరీకి పోయి, అంటు దేనిమీద కట్టారని అడిగితే "మంచిదాని మీదే, తీస్కోవే అన్నా" అన్నాడు. బిల్లు మీద రాసిమ్మంటే మొహం తిప్పుకున్నాడు. అంటుకట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి, అతని మొక్కల్లో నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేదు. అట్లాంటివి నాటి, పాదులో నీళ్లు నిలిచి మొదలు తడుస్తూ ఉంటే బంక కారడం మొదలవుతుంది. అప్పుడు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు ఎంత పూసినా టెన్షన్ తప్పదు.

దూరం గురించి మళ్లీ రాసేటప్పుడు ఏ వేరుమూలం మీద, ఏ నేలలో అన్నది పక్కనే వేయండి. తిరుపతిలో నిమ్మజాతి పరిశోధన స్థానం, మా జిల్లా కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నాయి, అక్కడి శాస్త్రవేత్తలను అడిగినా చెబుతారు. వానలు మొదలయ్యాయి, మా దిక్కు అప్పుడే గుంతలు తీస్తున్నారు. ఈ వారమే పేపర్లో వేస్తే మేలు.

ఇట్లు,
ఓ బత్తాయి రైతు,
నల్లగొండ జిల్లా