కథల్లో గేటు మారడం లేదు

సంపాదకునికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వృద్ధుల కథలు తరచుగా వస్తున్నాయి. తండ్రి, అమెరికాలో కొడుకు, చివరికి వృద్ధాశ్రమం గేటు. పేర్లు మారుతున్నాయి, గేటు మాత్రం మారడం లేదు.

నాకు 74 ఏళ్లు. ఒంటరిగా ఉంటున్నాను. మా అబ్బాయి మంచివాడే, రోజూ ఫోను చేస్తాడు. (అందుకే కథకు పనికిరాడేమో!) మా ఆవిడ పోయాక అరలీటరు పాల ప్యాకెట్ రెండు రోజులు వస్తోంది. అయినా పొద్దున్నే చెయ్యి అలవాటుగా రెండు గ్లాసులు తీస్తుంది. ఒకటి మళ్లీ బోర్లించేటప్పుడు చప్పుడు కాకుండా పెడతాను, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. కరెంటు రీడింగుకు వచ్చే కుర్రాడికి మంచినీళ్లిచ్చి, తెలిసిన సంగతులే మళ్లీ అడుగుతాను.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. దాని కింద ట్రిబ్యునల్ నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల భరణం ఇప్పించగలదు. మాట్లాడే మనిషిని ఇప్పించలేదు కదా.

దుర్మార్గులెవరూ లేని ఇంట్లో మధ్యాహ్నం ఎలా గడుస్తుందో, ఆ మనిషి మర్నాడు దేనికోసం లేస్తాడో రాయమనండి. అలాంటి కథ వచ్చిన ఆదివారం రెండు పేపర్లు కొంటాను.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు