ఎస్‌యూ కార్బొరేటర్‌ను తీసి పారేయకండి

సంపాదకులకు,

పాత అంబాసిడర్ల పునరుద్ధరణ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజిన్ పని చేయించాక బండి ఐడ్లింగులో నిలవకపోతే, పికప్ లేకపోతే, పాత ఎస్‌యూ కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం, ఎస్‌యూ దాని బ్రిటిష్ తయారీ పేరు) తీసేసి వేరే రకం బిగించుకోమన్నారు. ఆ సలహా తప్పు. 1489 సీసీ ఇంజిన్‌కు పక్కవాటుగా కూర్చునే ఈ కార్బొరేటర్‌లో ముఖ్యంగా ఉండేవి ఒక పిస్టన్, దానికి బిగించిన నీడిల్ (కిందికి సన్నబడే సూది), ఆ సూది దిగే చోట పెట్రోలు వచ్చే సన్న గొట్టం, అంటే జెట్. ఇంజిన్ ఎంత గాలి లాగితే పిస్టన్ అంత లేస్తుంది, నీడిల్ సన్నబడిన కొద్దీ పెట్రోలు అంత వస్తుంది. ఇంత సులువైన పనితనాన్ని వదులుకోవలసిన అవసరం లేదు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌లో కార్బొరేటర్ మీద చెయ్యి వేయడం చిట్టచివరి పని. హెడ్డు నట్లు మళ్లీ బిగించాక టాపెట్ల (వాల్వుల) సందు తప్పకుండా మారుతుంది, కాబట్టి ముందు అది సరిచూడాలి: 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ, ప్లగ్గు గ్యాప్ 25 థౌ. తరువాత టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ పడే వేళ. ఇవి కుదరకుండా మిక్చర్ నట్టు (జెట్‌ను పైకీ కిందికీ జరిపి పెట్రోలు పాళ్లు మార్చేది) తిప్పితే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పినట్టే. కొత్త రింగులు ఇంకా కూర్చోని ఇంజిన్‌లో ప్లగ్గు మీద తడి నలుపు కనిపిస్తుంది. అది ఆయిల్. మిక్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయితే పట్టేది పొడి మసి. ఈ రెంటినీ ఒకటిగా చూసి మిక్చర్ లీన్ (పెట్రోలు తక్కువ) చేసేవాళ్లు చాలామంది.

గాలి లీకులు కూడా అప్పుడే చూడాలి. మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ కన్నా ఎక్కువ మోసం చేసేది అరిగిన థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలేటర్ తిప్పే గాలి తలుపు ఇరుసు). యాక్సిలేటర్ మూసి ఉన్నప్పుడు అక్కడినుంచి దొంగగాలి వస్తుంది. దాన్ని సరిచేయడానికి జెట్ దించితే, అంటే పెట్రోలు పెంచితే, ఐడ్లింగ్ నిలబడుతుంది గానీ రోడ్డు మీద మిక్చర్ మరీ రిచ్ అయి పెట్రోలు తాగేస్తుంది. స్పిండిల్ పైకీ కిందికీ ఊగితే బుష్షులు వేయించడం తప్ప మార్గం లేదు.

ఇక కార్బొరేటర్. పైన గంట ఆకారంలో ఉన్న చాంబర్, లోపలి పిస్టన్ ఫ్యాక్టరీలో జతగా కూర్చినవి. ఇంకో బండిదాంతో మార్చకూడదు, సాండ్‌పేపర్ తాకించకూడదు. పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, మధ్య రాడ్‌కు మాత్రం ఒక చుక్క ఆయిల్ వేయాలి. నీడిల్ భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి. పిస్టన్ పైకెత్తి వదిలితే టక్కుమని బ్రిడ్జి (జెట్ చుట్టూ ఉన్న గట్టు) మీద పడాలి. పడకపోతే జెట్ మధ్యలో లేనట్టు: లాక్ నట్టు వదులు చేసి, జెట్ పైకి నెట్టి, పిస్టన్ కిందికి నొక్కి పట్టి మళ్లీ బిగించాలి. డ్యాంపర్‌లో (చాంబర్ పైన, పిస్టన్ కదలికను నెమ్మది చేసే భాగం) ఎస్‌ఏఈ 20 ఆయిల్ చాలు. డ్యాంపర్ మూత దించుతుంటే ఇంకా సెంటీమీటరు ఉందనగా చేతికి అడ్డు తగలాలి. ఆయిల్ లేకపోతే గబుక్కున రేస్ ఇచ్చినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి, మిక్చర్ పలచబడి బండి ఒక్క క్షణం తడబడుతుంది. చాలా బండ్లలో ‘పికప్ లేదు’ అన్న జబ్బు ఇదే.

హెచ్‌ఎస్ రకం ఎస్‌యూ కార్బొరేటర్‌లో ఫ్లోట్ (పెట్రోలు మట్టం చూసే తేలే బుడ్డి) మూతను తిరగేసి పట్టుకుంటే, మూతకూ ఫ్లోట్ లీవరుకూ మధ్య 3.2 నుంచి 4.8 మి.మీ. సందు ఉండాలి. ఎలక్ట్రిక్ పంపు పెట్టి 3 పీఎస్ఐ దాటించారంటే నీడిల్ వాల్వు ఆపలేదు, పెట్రోలు పొర్లుతుంది. వేడి ఇంజిన్ పక్కన అది నిప్పుతో చెలగాటం. చోక్ కేబుల్‌లో ఒకటిన్నర మి.మీ. వదులు ఉంచాలి. లేకుంటే జెట్ పూర్తిగా పైకి రాదు, ఎంత తిప్పినా రిచ్‌గానే ఉంటుంది.

మిక్చర్‌కు మొదటి కొలత: జెట్ బ్రిడ్జితో సమంగా వచ్చేదాకా నట్టు పైకి బిగించి, అక్కడినుంచి రెండు చుట్లు, అంటే పన్నెండు ఫ్లాట్లు (ఆరు పలకల నట్టుకు ఒక్కో పలక ఒక ఫ్లాట్) కిందికి విప్పాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక లిఫ్టింగ్ పిన్నుతో పిస్టన్‌ను ఒక మి.మీ. కూడా మించకుండా లేపండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్, నట్టు పైకి. వెంటనే పడిపోయినా, ఆగిపోయినా లీన్, నట్టు కిందికి. కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. ఒక్కసారికి ఒక్క ఫ్లాటే తిప్పాలి. మూడు నిమిషాలకు మించి పట్టితే ఇంజిన్‌ను ఒకసారి 2500 ఆర్‌పీఎం దాకా లేపి మ్యానిఫోల్డ్ ఖాళీ చేయాలి. ఈ ఓపిక లేకపోవడం వల్లే సగం బండ్లు చెడుతున్నాయి.

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీఏ 1500లోనూ ఉన్నది ఈ 1489 సీసీ ఇంజిన్ కుటుంబమే. దాని పద్ధతిలో జంట కార్బొరేటర్లు పెట్టుకున్నవాళ్లు ముందు రెండింటి మధ్య లింకు క్లాంపులు వదులు చేసి, రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండు నోళ్లలోనూ గాలి ‘స్స్’ శబ్దం సమం చేసుకోవాలి. మిక్చర్ సంగతి ఆ తరువాతే.

మీ వ్యాసం అసలు ప్రస్తావించని విషయం ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. బరువులో ఒక పాలు మామూలు పెట్రోలుకు గాలి పాళ్లు 14.7 అయితే దీనికి ఇంచుమించు 13.5. పాత సెట్టింగే ఉంచితే ఇంజిన్ లీన్‌గా నడిచి వేడెక్కుతుంది. నట్టు ఒకటి రెండు ఫ్లాట్లు దించితే ఐడ్లింగ్ బాగుపడుతుంది. ఎక్కువ స్పీడులో మాత్రం నీడిల్ వంపుదే పెత్తనం కాబట్టి ఒక మెట్టు రిచ్ నీడిల్ వేయాల్సి రావచ్చు. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు పాడవుతాయి, వాటిని ముందే మార్చేయాలి. ఈ వివరాలతో మీ సలహాను సవరించి ప్రచురించమని కోరుతున్నాను.

— ఒక పాత కార్ల మెకానిక్, ఆటోనగర్, విజయవాడ